బతికున్నానని రుజువు

టాటానగర్‌లో రిటైరయ్యాక అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గరికి బయల్దేరుతుంటే ఓ మిత్రుడు, "ముందు చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి రండి, వీసా ఖాయం" అన్నాడు. వెళ్లలేదు. వీసా వచ్చింది. దీనివల్ల దేవుడు లేడని రుజువు కాదులెండి. ప్రదక్షిణలు చేసినా వీసా రానివాళ్లు ఆ మాట ఎవరికీ చెప్పుకోరు, లెక్కలోకి రారు, అంతే.

అసలు చిక్కు వీసా కాదు, నా గుండెలోని స్టెంటు. మన మెడిక్లెయిం పాలసీలు సాధారణంగా దేశం దాటితే పనికిరావు. విజిటర్ పాలసీలు చాలావరకు పాత జబ్బుల్ని మినహాయిస్తాయి. "ఏమన్నా అయితే?" అని అడిగితే, "దేవుడున్నాడు మామయ్యగారూ" అంది కోడలు.

గ్రీన్‌కార్డు తీసుకుందామన్నా, అక్కడ ఉద్యోగం చెయ్యని నాబోటివాడు డబ్బు కట్టి మెడికేర్‌లో చేరాలంటే 65 ఏళ్లు నిండి, వరసగా 5 ఏళ్లు అక్కడ నివసించి ఉండాలి. ఈలోగా కొనే పాలసీల భారమంతా అబ్బాయి మీదే. స్థిరపడితే ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా మార్చుకోవాలి.

ఇక పెన్షనుకి ఏటా లైఫ్ సర్టిఫికెట్. నేను బతికున్నానన్న మాటనే రుజువు లేకుండా ఎవరూ నమ్మరు! మరి రుజువు లేని హామీని నేనెందుకు నమ్మాలి?

ఆర్నెల్లు తిరక్కుండానే వచ్చేశాను. ఎయిర్‌పోర్టులో మనవరాలు ఏడ్చింది. లెక్క సరైనదే. ఏడుపు మాత్రం నాకూ ఆగలేదు.