పరికిణీకి ఆంగ్లమేమి?

హనుమాన్ జంక్షన్‌లో పిల్లలకు దుస్తుల యాంగ్లనామములు నేర్పుటకు నాకు పటములక్కఱలేదు. షర్టు, బటను, సాక్సు వారి యొంటిమీఁదనే యున్నవి. ట్రౌజర్సు ఒక్కటే యైనను బహువచనమేల? కాళ్లు రెండు గనుక నంటిని. "మఱి రెండు చేతుల షర్టు ఏకవచనమేలనండీ?" యని యొక గడుగ్గాయి! వ్యాకరణకర్తలే చెప్పవలెను.

అసలు చిక్కు పరికిణీతోనే. పాఠపుస్తకము దానిని స్కర్టనును. ఒక బాలిక యొప్పుకొనలేదు: "బొమ్మలోనిది మోకాళ్లదాఁకనే, మాది పాదములదాఁక." ఆమె మాటయే సరి. పరికిణీ యనియే ఆంగ్లాక్షరములతో వ్రాయుమంటిని.

ఆంగ్లేయులును అట్లే చేసిరి. 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పి, మన తీరపు అద్దకపు బట్టలను కొనిపోయి, చీటిగుడ్డను హిందూస్థానీ పేరుతోనే చింట్జ్ అనిరి. తమ నేఁతపనివారికై 1721లో వారి పార్లమెంటు అద్దకపు నూలుబట్టలను నిషేధించినది. 1774లో ఆ నిషేధము పోయినది. పేరు మాత్రము వారి నిఘంటువులలో నేఁటికిని కలదు.

ఇది విని యా బాలిక, పరికిణీలో ఎన్ని 'ఐ'లు వ్రాయవలెనని యడిగినది.