ఆక్స్‌ఫర్డ్‌లో కథా చర్చలు

సినిమా వాళ్ళ కథా చర్చలు ఎలా జరుగుతాయో పాఠకులకి కొత్తగా చెప్పనక్కర్లేదు. హోటల్లో ఓ గది, ఫ్లాస్కులో కాఫీ, చేతులు తిప్పుతూ కథ చెప్పే మనిషి ఒకడు, ఊఁ కొట్టేవాళ్ళు నలుగురు, మధ్యలో “ఇక్కడ సెంటిమెంటు తగ్గిందండీ” అనే పెద్దమనిషి ఒకరు! సరిగ్గా ఇలాంటి చర్చలే నిర్మాత లేకుండా, అడ్వాన్సు లేకుండా, అసలు సినిమా వూసే లేకుండా, పదిహేనేళ్ళకి పైగా జరిగిన వూరొకటుంది. అక్కడ వినిపించిన కథ యాభై యేళ్ళు దాటాక వెండితెరకెక్కి కోట్లు కురిపించింది.

ఆ వూరు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్. ఆ కథ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’.

పీటర్ జాక్సన్ తీసిన మూడు భాగాలూ (2001, 2002, 2003) చూడనివాళ్ళు మీలో తక్కువే వుంటారు. మూడోది పదకొండు ఆస్కార్లు మూటగట్టుకుంది. తరవాత 2005లో ‘నార్నియా’ మొదటి చిత్రం వచ్చింది. ఆ కొండలూ లోయలూ కళ్ళారా చూడాలని అభిమానులు న్యూజిలాండు పరిగెడతారు. నాకు మాత్రం కొండలకన్నా ఆ కథల్ని మొట్టమొదట చదివి వినిపించిన గదులెలా వుంటాయో చూడాలనిపించింది. నెలకి నాలుగు వ్యాసాలు రాసుకు బతికే నాలాంటివాడికి, రాసింది వినే మనిషి దొరకడం ఎంత గగనమో తెలుసు మరి!

2024 వేసవిలో లండన్లో మా పిన్ని కొడుకింట్లో వారం రోజులున్నాను. ఓ పూట వాణ్ణి వెంటేసుకుని పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కాను. గంట ప్రయాణం. “అన్నయ్యా, ముందు హారీ పోటర్ మెట్లు చూద్దాం” అన్నాడు వాడు. క్రైస్ట్ చర్చ్ కాలేజీలో ఆ మెట్లున్నాయి. అక్కడ క్యూ చూస్తే సంక్రాంతి రిలీజుకి టిక్కెట్ల కౌంటరు గుర్తొచ్చింది. చూశాం, ఫొటోలు తీసుకున్నాం. అంతకంటే రాయడానికేమీ లేదు.

అసలు మజిలీ సెయింట్ జైల్స్ వీధి. విశాలమైన రోడ్డు, రెండు వైపులా పెద్ద చెట్లు. పడమటి వైపున ‘ఈగిల్ అండ్ చైల్డ్’ అనే పాత పబ్బు. డేగ ఓ పసిబిడ్డని ఎత్తుకుపోతున్న బొమ్మ దాని గుర్తు. దాని పేరుని ముద్దుగా ‘బర్డ్ అండ్ బేబీ’ చేసేశారు దాని ఆస్థాన కవులు. ప్రతి మంగళవారం పొద్దున్న జె. ఆర్. ఆర్. టోల్కీన్, సి. ఎస్. లూయిస్, వాళ్ళ మిత్రబృందం వెనక గదిలో చేరి బీరు తాగుతూ కబుర్లాడేవాళ్ళు. ఆ గదిని ‘రాబిట్ రూమ్’ అంటారు.

తీరా వెళితే తలుపుకి తాళం! కరోనా వచ్చిన 2020లో మూసినవాళ్ళు మళ్ళీ తెరవలేదు. ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ పేరున వున్న సాంకేతిక సంస్థ 2023లో దాన్ని కొనుక్కుంది. కిటికీ అద్దానికి మొహం ఆనించి చూశాను. చీకటి. “ఇందుకా మనం వచ్చింది?” అన్నాడు తమ్ముడు. వాణ్ణి ఎదురుగా వున్న ‘లాంబ్ అండ్ ఫ్లాగ్’కి లాక్కెళ్ళాను. 1962లో మన రచయితలు వీధి దాటి ఇక్కడికే మకాం మార్చారు. ఇదీ 2021లో మూతపడితే, కొందరు స్థానికులు పూనుకుని 2022లో తెరిపించారు. ఓ మూల బల్ల చూసుకుని కూర్చుని వాడికి కథ మొదలెట్టాను.

బృందం పేరు ‘ఇంక్లింగ్స్’. ఏదో లీలగా తోచిందన్న అర్థముంది, సిరా అంటించుకు తిరిగేవాళ్ళన్న కొంటె అర్థమూ వుంది. ఆ పేరు మొదట పెట్టింది వీళ్ళు కాదు. 1930ల మొదట్లో అక్కడ చదువుకున్న ఎడ్వర్డ్ టాంగీ లీన్ అనే కుర్రాడు విద్యార్థుల కోసం ఓ క్లబ్బు పెట్టి, లూయిస్‌నీ టోల్కీన్‌నీ పిలిచాడు. అతను చదువైపోయి వెళ్ళాక పేరు వీళ్ళకి దక్కింది. ఇంతకీ ఆ కుర్రాడెవరనుకున్నారు? ‘బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ తీసిన డేవిడ్ లీన్‌కి సొంత తమ్ముడు!

పబ్బులో జరిగేవి కబుర్లే. అసలు పఠనం గురువారం రాత్రుళ్ళు, మాడ్లిన్ కాలేజీలో లూయిస్ గదుల్లో. మధ్యాహ్నం మేమక్కడికి నడిచాం. హై స్ట్రీట్ మీద ఆల్ సోల్స్ కాలేజీ ముందు ఓ నిమిషం ఆగాను. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్ పదవి వదిలి 1936లో ఆక్స్‌ఫర్డ్ వచ్చినప్పుడు ఈ కాలేజీ ఫెలో. 1952 దాకా ఇక్కడ ఆచార్యుడు. అంటే ఈ కథలన్నీ పుడుతున్న రోజుల్లో మనాయన ఇదే వీధిలో తలపాగాతో తిరిగేవారన్న మాట.

వీధి చివర మాడ్లిన్. టిక్కెట్టు కొని లోపలికెళితే, పచ్చిక అవతల పొడుగాటి మేడ. పేరు ‘న్యూ బిల్డింగ్’. కట్టింది 1733లో! ఆక్స్‌ఫర్డ్‌లో అదీ కొత్తే. దాని వెనక పార్కులో జింకలు. లూయిస్ కిటికీ లోంచి ఈ జింకలే కనిపించేవి.

రాత్రి తొమ్మిదింటికి ఒక్కొక్కరే చేరేవాళ్ళు. లూయిస్ అన్న వార్నీ ఘాటుగా టీ కాచి ఇచ్చేవాడు. యుద్ధం రోజుల తరవాత తిండి రేషన్లో వున్నప్పుడు, లూయిస్ అభిమాని అయిన అమెరికన్ డాక్టరొకాయన పంది మాంసం పార్సిళ్ళు పంపితే ఆ రాత్రి పండగే. తరవాత లూయిస్, “ఎవరైనా చదవడానికేమన్నా తెచ్చారా?” అని అడిగేవాడు. తెచ్చినవాడు చదవాలి. మిగతావాళ్ళు మొహం మీదే అభిప్రాయం చెప్పేస్తారు. పొగడ్తలకి ఆ గదిలో కరువే. ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. ఇది ఆ బృందానికి శోభనిచ్చే సంగతి కాదు సుమండీ!

టోల్కీన్ చదివితే గొణిగినట్టుండేది. అందుకని 1945 తరవాత ఆయన కొడుకు క్రిస్టఫర్ చదివేవాడు. హ్యూగో డైసన్ అనే ప్రొఫెసరు మిత్రుడికి ఆ దేవతా జాతుల కథలంటే వొళ్ళు మంట. సోఫాలో వెనక్కి వాలి, మళ్ళీ ఇదేనా అంటూ మూలిగేవాడు. చివరికి డైసన్ వస్తే టోల్కీన్ కథ ఆపేయాల్సిందేనన్న స్థితి వచ్చింది. మన చర్చల్లోని సెంటిమెంటు పెద్దమనిషి వీడి ముందు ఏపాటి?

మరి ఇంత చీవాట్లు తింటూ టోల్కీన్ ఎందుకు వెళ్ళాడు? లూయిస్ కోసం.

వాళ్ళిద్దరి సంగతి 1926 నాటిది. సాహిత్యంలో రాజకుమారులూ రాక్షసులూ చిన్నపిల్లల వ్యవహారమని పెద్ద ప్రొఫెసర్లు మూతి విరిచే రోజులవి. 1936 ప్రాంతంలో ఇద్దరూ ఓ మాట అనుకున్నారు. మనకి నచ్చే కథలు ఎవరూ రాయడం లేదు గనక మనమే రాద్దాం. ఒకరు అంతరిక్ష ప్రయాణం, ఒకరు కాలంలో ప్రయాణం. నాణెం ఎగరేశారు. లూయిస్‌కి అంతరిక్షం వచ్చింది. ‘అవుట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్’ రాశాడు. ఒక ప్రచురణకర్త తిరగ్గొడితే, టోల్కీన్ తన ప్రచురణకర్తకి సిఫారసు ఉత్తరం రాశాడు. మా క్లబ్బులో చదివితే అందరూ మెచ్చుకున్నారని హామీ ఇచ్చాడు. ఆ చేతా ఈ చేతా మారి 1938లో పుస్తకం వచ్చింది. టోల్కీన్ వంతు కాలయాత్ర ‘ది లాస్ట్ రోడ్’ మాత్రం అసంపూర్తిగా ఆగిపోయింది. అది అచ్చయింది 1987లో, ఆయన పోయిన పద్నాలుగేళ్ళకి.

టోల్కీన్‌కి అదో జబ్బు. ఏదీ పూర్తిచేయడు. మన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు మాటలు పుట్టించాలంటాడు చూడండి, ఈయన ఏకంగా భాషలే పుట్టించి, వాటి వ్యాకరణం రాస్తూ కూచునేవాడు. 1937లో ‘ది హాబిట్’ నెగ్గి, ప్రచురణకర్త రెండో భాగం అడిగితే, ఆ రెండో భాగం పన్నెండేళ్ళు పట్టింది. 1943లో పూర్తిగా ఆగిపోయింది కూడా. వెంటపడి మళ్ళీ కలం పట్టించింది లూయిస్. 1944 వసంతంలో అధ్యాయం పూర్తయిన కొద్దీ లూయిస్‌కీ ఛార్లెస్ విలియమ్స్‌కీ వినిపించాడు. ఫ్రోడో సాలీడు వాత పడ్డాక శామ్ ఒంటరిగా మిగిలిపోయే ఘట్టం గుర్తుందా? సినిమా హాల్లో మనం కర్చీఫులు తీసిన చోటే. అది విని లూయిస్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని టోల్కీన్ కొడుక్కి ఉత్తరం రాశాడు. లూయిస్ పోయాక కూడా ఆయన చెప్పింది ఒకటే. తన మీద లూయిస్ ప్రభావం కాదు, ప్రోత్సాహమే తన అప్పు. ఆ మనిషి లేకపోతే ఆ పుస్తకం పూర్తయ్యేదే కాదని.

ఈ సంగతి చెబుతుంటే తమ్ముడు ఫోను పక్కన పెట్టేశాడు.

ఆ విలియమ్స్ కథ వేరే. ప్రెస్సులో ఉద్యోగం చేస్తూ వింత నవలలు రాసినవాడు. 1945 మే 15, మంగళవారం. ఆస్పత్రిలో వున్న విలియమ్స్‌కి పుస్తకం ఇద్దామని వెళ్ళిన లూయిస్‌కి, ఆయన పోయాడని చెప్పారు. ఆస్పత్రి పబ్బుకి నాలుగడుగుల దూరమే. ఆ పుస్తకంతోనే నడుచుకుంటూ వచ్చి, వెనక గదిలో ఎదురుచూస్తున్న మిత్రులకి ఆ వార్త చెప్పాడు. ఆ నాలుగడుగులూ నేను నడిచాను. మామూలు ఫుట్‌పాత్. పక్కనుంచి సైకిళ్ళు పోతున్నాయి.

తరవాత బృందం పలచబడింది. 1949 అక్టోబరులో ఓ గురువారం రాత్రి ఎవరూ రాలేదు. పఠనాలు అంతటితో సరి. సరిగ్గా అప్పుడే లూయిస్ నార్నియా కథలు రాశాడు. టోల్కీన్‌కి అవి నచ్చలేదు. గ్రీకు వనదేవత, మాట్లాడే జంతువులు, క్రిస్మస్ తాత అందరినీ ఒకే కుండలో వేసి వండాడని ఆయన బాధ. నా మటుకు నాకు ఆ పులగమే రుచి. కాని పన్నెండేళ్ళు తన కథ విన్నవాడి కథ ఈయన వినలేకపోయాడన్నది మనసులో గుచ్చుకుంటుంది. లూయిస్ మాత్రం నొచ్చుకున్నట్టు లేదు. 1961 నోబెల్ బహుమతికి టోల్కీన్ పేరు పంపింది ఆయనే! కమిటీ తోసిపుచ్చింది.

మరో గది ముచ్చట చెప్పాలి. లూయిస్ ఆఖరి రోజుల్లో కేంబ్రిడ్జిలో ఆచార్యుడు. 1962 డిసెంబరు 4న అక్కడి ఆయన గదికి కింగ్‌స్లీ ఏమిస్, బ్రయన్ ఆల్డిస్ అనే ఇద్దరు కుర్ర రచయితలు వచ్చారు. టేప్‌రికార్డరు పెట్టుకుని ముగ్గురూ సైన్స్ ఫిక్షన్ మీద చర్చించారు. తనకి కథ ముందు రాదని, బొమ్మ వస్తుందని లూయిస్ వివరించాడు. ‘పెరెలాండ్రా’ (1943) నవలకి మూలం, నీళ్ళ మీద తేలే దీవుల దృశ్యమట. నార్నియాకి మూలం, మంచులో గొడుగు పట్టుకు నడిచే ఓ మేకకాళ్ళ మనిషి. పదహారో యేట మనసులో కనబడిన ఆ బొమ్మ నలభై దాటాక కథయింది. సినిమా తీయాలనుకునే పాఠకులు గమనించండి, ముందు షాటు, తరవాతే స్క్రిప్టు! అతిథి యాష్‌ట్రే కోసం వెతుకుతున్నాడనుకుని, తివాచీ మీద దులిపెయ్యమన్నాడట ఆ పెద్దాయన. ఆ ఆల్డిస్ యుద్ధకాలంలో బర్మాలో సైనికుడు, తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో పుస్తకాల షాపు గుమస్తా. ఆయన 1969లో రాసిన చిన్న కథ స్టాన్లీ కుబ్రిక్ చేతిలో యేళ్ళ తరబడి నలిగి, కుబ్రిక్ పోయాక 2001లో స్పీల్‌బర్గ్ ‘ఏ.ఐ.’గా తెరకెక్కింది.

సాయంత్రం బస్సెక్కి హెడింగ్టన్ వెళ్ళాం. టోల్కీన్ సమాధి వూరికి ఉత్తరాన వుల్వర్‌కోట్‌లో వుంది. లూయిస్‌ది ఇటు తూర్పున, ఓ చిన్న చర్చి ఆవరణలో. 1963 నవంబరు 22న, కెనడీని కాల్చి చంపిన రోజే, ఆయన పోయాడు. రాతిపలక మీద రెండు పేర్లున్నాయి. రెండోది వార్నీది, 1973లో పోయిన అన్నగారిది. ఆ గురువారం రాత్రుళ్ళలో ఎవరు ఏం చదివారో, డైసన్ ఎప్పుడు అడ్డొచ్చాడో, ఆఖరి గురువారం ఎవరూ రాలేదని కూడా, మనకి తెలిసింది ఆ టీ కాచిన మనిషి డైరీ రాసుకోబట్టే.