సముద్రం దాటినవారు, ఎల్.బి.నగర్ దాటనివాడు

చాలాకాలమైంది ఇక్కడ నాలుగు వాక్యాలు రాసి. మొన్న అటకమీది ఇనుపపెట్టె దింపించినప్పుడు నల్ల అట్టతో ఉన్న ఒక రాతపుస్తకం బయటపడింది. మొదటి పుటల్లో నా దస్తూరితో అచ్చులు, హల్లులు, విభక్తులు. చివరి పుటల్లో వేరొకరి వంకర అక్షరాలతో "నీళ్లు తేరిన తరువాత తాగండి", "మీ పాపకు ఎన్ని నెలలు?" వంటి వాక్యాలు. ఆ పుస్తకం వెనుక ఉన్న కథే ఈ టపా.

1994లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో సాయిబాబా గుడికి దగ్గరగా ఒక సందులో అద్దెకుండేవాళ్లం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. తెలిసిన ఒకాయన ఒకనాటి సాయంకాలం ఇంగ్లాండు దంపతులను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన నీటిపనుల ఇంజనీరు, ఆమె నర్సు. ఇద్దరూ నలభై దాటినవారే. నల్లగొండ జిల్లాలో ఒక పల్లెలో మూడేళ్లు ఉండి, జీతం ఆశించకుండా పనిచేయడానికి వచ్చారట. నాలుగు నెలల్లో తెలుగు నేర్పాలి. చైతన్యపురిలో రెండు గదులు తీసుకున్నారు.

నేను నేర్పినది పండితుడు నేర్పే తెలుగే. ఉత్వసంధి సూత్రం నేర్చుకొని పల్లెకు వెళ్లిన నర్సు బహుశా ప్రపంచంలో ఆవిడ ఒక్కతే! కొత్తపేట పండ్ల మార్కెట్టుకు వెళ్లి (ఇప్పుడది బాటసింగారానికి తరలిపోయింది) ఆయన "అయ్యా, ఈ బత్తాయిల వెల ఎంత?" అని అడిగితే, దుకాణదారు కాసేపు ఆయన ముఖంలోకి, కాసేపు నా ముఖంలోకి చూసి, "మీరే చెప్పుండ్రి సార్, ఏమంటుండో" అన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం నేను మరీ పట్టుదలగా ఉన్నాను. "ఎవరితోనైనా 'మీరు' అనే మాట్లాడండి. మర్యాద ఎక్కువైతే ఎవరూ కోప్పడరు" అని చెప్పి, ఏకవచన క్రియారూపాలను దాదాపుగా దాటవేశాను. ఒకరోజు ఆమె అమాయకంగా అడిగింది: "మీ భార్య మిమ్మల్ని 'మీరు' అంటారు, మీరు ఆమెను 'నువ్వు' అంటారు. ఎందుకు?" అది ఆచారమని చెప్పి తరువాతి పాఠంలోకి వెళ్లిపోయాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ మాత్రం ఆ ప్రశ్నకు నవ్వింది.

మరుసటి ఏడాది వేసవిలో వాళ్లను చూడటానికి వెళ్లాను. ఎల్.బి.నగర్ కూడలిలో బస్సెక్కి, విజయవాడ రహదారిమీద చౌటుప్పల్ వరకు వెళ్లి, అక్కడినుంచి లోపలి దారి పట్టాలి. అది ఫ్లోరైడు నేల. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడ బోరు ఎంత లోతుకు వేస్తే అంత విషం పైకి వస్తుందేమో అనిపించేది. పిల్లల పళ్లమీద గోధుమరంగు మచ్చలు. నడివయసు వాళ్లకే వంగిపోయి మళ్లీ నిటారు కాని నడుములు.

రెండు గదుల పెంకుటింట్లో వారి దినచర్య చూశాను. తెల్లవారుజామున ఐదింటికే లేచి బోరింగు దగ్గర వరుసలో నిలబడి తమ బిందెలు తామే మోసుకునేవారు. ఆ తరువాత ఆయన "నల్లగొండ పద్ధతి" అనే శుద్ధి పని మొదలుపెట్టేవాడు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ఆ పద్ధతికే మన జిల్లా పేరు పెట్టారు. నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగు పొడి లెక్కప్రకారం కలిపి, మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పాలి. ఫ్లోరైడును పట్టుకొని మడ్డి అడుక్కు దిగుతుంది. పై నీరు వంచుకోవాలి. చెప్పడానికి సులభమే. కాని ప్రతిరోజూ చేయాలి, పటిక కొనాలి, తేరేదాకా ఆగాలి, ఆ రుచిని ఓర్చుకోవాలి. పొద్దున్నే కూలికి పరుగెత్తే మనిషికి అంత తీరిక ఎక్కడిది?

ఆమె పగలంతా పసిపిల్లలను తూచి, బాలింతల ఇళ్లకు తిరిగేది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఆయన గిన్నెలు తోముతుంటే చూడటానికి పిల్లలు గోడెక్కి కూర్చునేవారు. రాత్రి కందిలి వెలుగులో బడి.

ఆ ఊరివాళ్లు వారిని "దొర", "దొరసాని" అని పిలిచేవారు. తెలంగాణ పల్లెలో దొర అనే మాట వెనుక గడీలు, వెట్టి చాకిరీ ఉన్నాయని వారికి ఎవరో చెప్పారట. "వద్దని ఎంత చెప్పినా మానడం లేదు" అని ఆయన దిగులుపడ్డాడు.

ఆ సాయంకాలమే అది జరిగింది. శుద్ధి చేసిన నీళ్లకోసం ఒక వృద్ధురాలు బిందెతో వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది. నేను లోపలికి వెళ్లబోతూ, అలవాటు చొప్పున, "ఏమే ముసలమ్మా, కాస్త పక్కకు జరుగు" అన్నాను. ఆమె గబగబా జరిగింది. వెనుకనే వచ్చిన నర్సు, "అవ్వా, మీరు కూర్చోండి. నేను నింపుతాను" అంది. ముసలమ్మ బోసినోటితో నవ్వి నాతో అన్నది: "గీ దొరసాని నన్ను మీరు అంటది సారూ. నా పెనిమిటి సుత నన్ను గట్ల అనలే. సిగ్గయితది."

రాత్రి భోజనాల దగ్గర ఆమె రాతపుస్తకం తెరిచింది. "గురువుగారూ, 'జరుగు' అనే రూపం మీరు మాకు నేర్పలేదు. ఎవరితో అనాలి?" చనువున్న వాళ్లతో అన్నాను. "ఆ అవ్వ మీకు ముందే తెలుసా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే వ్యాకరణ సందేహం. నాకు జవాబు దొరకలేదు. ఛందస్సు, అలంకారశాస్త్రం చదివినవాణ్ణి. ఒక మధ్యమపురుష ఏకవచనం దగ్గర నోరు పెగలలేదు.

ఆ రాత్రే ఆయన అనంతపురం దంపతుల సంగతి చెప్పాడు. 1952లో జెసూట్‌గా మన దేశానికి వచ్చిన స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడు ప్రాంతంలో రైతులతో బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచి వెళ్లమన్నారు. రైతులు వేలాదిగా నిరసన తెలిపారు. తిరిగి వచ్చి 1969లో కరవుసీమ అనంతపురంలో కాలుపెట్టాడు. మరుసటి ఏడాది జెసూట్ సంఘాన్ని విడిచి, పత్రికారచయిత్రి అయిన ఆంగ్లేయ మహిళ ఆన్ పెర్రీని వివాహమాడాడు. వారి గ్రామీణాభివృద్ధి సంస్థ బడులు, ఇళ్లు, చెరువులు, బత్తలపల్లి ఆసుపత్రి వంటివెన్నో నిలబెట్టింది. 2009 జూన్ 19న ఆయన అనంతపురంలోనే కన్నుమూసి, బత్తలపల్లి మట్టిలోనే కలిశాడు. "మేము మూడేళ్లు ఉండి వెళ్లిపోయేవాళ్లం. వాళ్లు ఉండిపోయినవాళ్లు. ఆ తేడా ఈ ఊరివాళ్లకు బాగా తెలుసు" అన్నాడు మా ఇంజనీరు.

1996 వేసవి సెలవుల్లో మా ఇద్దరినీ ఆ ఊరికి రమ్మని వారినుంచి ఉత్తరం వచ్చింది. రాత్రిబడికి ఒక నెల సాయం చేయమన్నారు. మా ఆవిడ సంచీ కూడా సర్దింది. నేను పదో తరగతి జవాబుపత్రాలు దిద్దాలన్నాను. అది నిజమే కాని, ఆ పని సెలవులన్నిటినీ మింగేదేమీ కాదు. అసలు సంగతి వేరు. ఏ నీళ్లు తాగాలి, ఎవరింట్లో తినాలి, ఎవరి పక్కన కూర్చోవాలి అన్న లెక్కలు నా మనసులో నడిచాయి. పైకి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకుండానే మా ఆవిడకు అర్థమైంది. సర్దిన బట్టలు తీసి బీరువాలో పెడుతూ ఒక్క మాట అంది: "వాళ్లు సముద్రం దాటి వచ్చారు. మనం ఎల్.బి.నగర్ దాటలేకపోయాం."

1997లో వారు వెళ్లిపోతూ ఈ రాతపుస్తకం నాకిచ్చారు. వారు వెళ్లాక కొన్నాళ్లకే పటిక కొనేవాళ్లు లేక శుద్ధి ఆగిపోయిందనీ, ఆ డ్రమ్ములు పశువులకు కుడితి తొట్లయ్యాయనీ తెలిసింది. అప్పట్లో లోలోపల నాకు కాస్త ఊరట కలిగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: నేను వెళ్లి ఉన్నా ఇంతే కదా అని. ఎంత చవకబారు ఊరట!

ఇన్నేళ్లకు ఆ ఊరి కుర్రవాడొకడు ఉద్యోగపరీక్షల కోచింగుకు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మా వీధిలోనే గది తీసుకున్నాడు. మిషన్ భగీరథ పథకం వచ్చాక వాళ్లింటి నల్లాలో కృష్ణానీళ్లు వస్తున్నాయట. బడిలో మాత్రం ఎనిమిదో తరగతి పిల్లలు కూడబలుక్కుంటూ చదువుతారట. అవ్వ పోయి చాలా ఏళ్లయిందట. "మీరు అనిపించుకున్న ముసల్ది" అని చివరిదాకా ఆమెను వేళాకోళం చేసేవారని చెప్పాడు.

మా ఇంట్లో గిన్నెలు తోమడానికి వచ్చే ఆమెను ఇప్పుడు "మీరు" అంటున్నాను. మొదటిరోజు వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూసింది. మా ఆవిడను మాత్రం ఇంకా "నువ్వు" అనే అంటున్నాను. నాలుక తిరగడం లేదు.

ఇప్పుడు మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ మూడో స్టేషను. నిన్న రాత్రి రాతపుస్తకం తిరగేస్తూ, ఈ వేసవిలో ఓ నెల ఆ ఊరికి వెళ్దామా, పిల్లలకు చదవడం నేర్పుదామా అని అడిగాను. మోకాళ్లకు నూనె రాసుకుంటున్న మా ఆవిడ తలెత్తింది.

"సంచీ సర్దనా? మళ్లీ విప్పించరు కదా?"