జ్వరం చూశాకే గోలీ

కీమో డే కేర్‌లో నర్సు పనంటే సూది గుచ్చి మందు ఎక్కించడమేనని మా చుట్టాలు అనుకుంటారు. మందు ఎక్కేది కొన్ని గంటలే. ఆ తర్వాత, చాలా మందుల విషయంలో మూడు వారాల దాకా, పేషెంటు ఉండేది ఇంట్లో. మంచీ చెడూ తేలేది అక్కడే. అందుకే సెలైన్ తగిలించాక స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటాను.

మా దగ్గరికి హైదరాబాద్ వాళ్లకంటే జిల్లాల వాళ్లే ఎక్కువ వస్తారు. ఆరోగ్యశ్రీ కాగితాలు, కవర్లో ఫైలు, వెంట ఓ కొడుకో అల్లుడో. జాగ్రత్తలన్నీ ఆ వెంట వచ్చినవాళ్లకే చెప్పడం మా ఆసుపత్రుల అలవాటు. మందు తల్లికి, మాటలు కొడుక్కి. రాత్రి ఒళ్లు కాలేసరికి కొడుకు పట్నంలో, తల్లి ఊళ్లో. కొన్ని ఇళ్లలో జబ్బు పేరు కూడా ఆమెకు తెలియనివ్వరు. "గడ్డకు మందని చెప్పినం సిస్టర్, మీరేం అనకుర్రి" అని ముందే చెవిలో వేస్తారు. పేరు సంగతి డాక్టరుగారితో మాట్లాడుకోమంటాను. జ్వరం సంగతి మాత్రం ఆమెకే చెబుతాను.

కీమో మందు త్వరగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది. ఎముక మూలుగలో తయారయ్యే తెల్ల కణాలూ అందులో పోతాయి. సాధారణంగా వారం దాటాక, రెండు వారాల లోపు కౌంట్ బాగా పడిపోతుంది. అప్పుడు థర్మామీటరు 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు, గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. మన ఇళ్లలోనేమో ఒళ్లు వెచ్చబడగానే పారాసిటమాల్ మింగుతాం. ఒళ్లు చల్లబడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతూనే ఉంటుంది. జ్వరం చూడకుండా గోలీ వద్దు, చూశాక కూడా మాకు ఫోన్ చేయకుండా వద్దు. మిగతావన్నీ మరిచిపోయినా నాకు బెంగ లేదు.

చెప్పింది అర్థమైందా అని అడగడం నేనెప్పుడో మానేశాను. అందరూ అయిందనే అంటారు. తిరిగి నాకు చెప్పమంటాను. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు నా మాటలన్నీ చక్కటి దస్తూరీతో రాసుకున్నారు. "జ్వరమొస్తే ఏం చేస్తారు సార్?" అన్నాను. "డోలో వేసుకుంటానమ్మా" అన్నారు. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. అక్షరం ముక్క రాని ఓ పెద్దమ్మ అదే ప్రశ్నకు ఇలా చెప్పింది: "ఇయ్యాల సోమారం. వచ్చే సోమారం సంది ఆ పై సోమారం దాంక గట్టిగ చూసుకోవాలె. అంకెలు నాకు తెల్వయి, మనుమరాలు చదువుతది. నూరు దాటితె గోలీ మింగ, నీకు ఫోన్ చేపిస్త." నూరుకే చేస్తానంటే మరీ మంచిది, నేను సరిదిద్దలేదు.

పథ్యం దగ్గరే నాకు ఓపిక తగ్గుతుంది. గుడ్డు వేడి, పప్పు చీము పట్టిస్తుంది, మాంసం ముట్టొద్దు అంటూ పక్కింటివాళ్లు చెప్పినవన్నీ మాన్పిస్తారు. ఒంట్లో కండ కరిగిపోతున్న మనిషికి కావలసినవి అవే. బాగా ఉడికించి పెట్టమంటాను. డెంగీకి వాడారని బొప్పాయి ఆకు రసం కూడా తెస్తారు. కౌంట్ లేనప్పుడు పచ్చి ఆకు రసంతో సూక్ష్మజీవులు కడుపులోకి వెళ్తాయని ఎంత చెప్పినా, కొందరు ఇంటికెళ్లి తాగుతారని నాకు తెలుసు. తాగితే దాచకుండా చెప్పమంటాను. తిడితే ఇంకేదీ చెప్పరు.

డాక్సోరుబిసిన్‌ను అందరూ ఎర్ర మందనే అంటారు. మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రగా రావచ్చని ముందే చెప్పకపోతే, రక్తం పడుతోందని హడలిపోయి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పరుగెత్తుతారు.

చివరిగా ఒక మాట పలికిస్తాను. దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా, పేరూ ఊరూ కంటే ముందు "నాకు కీమో నడుస్తున్నది, జ్వరమొచ్చింది" అనాలి. ఆ మాట వినకపోతే మామూలు జ్వరమనుకుని వరసలో కూర్చోబెడతారు. కొందరు సిగ్గుపడి గొణుగుతారు. క్యాజువాలిటీ గోలలో గొణిగితే వినపడదని, సూది తీసేలోపు ఇంకోసారి గట్టిగా అనిపిస్తాను. ఫైలు అట్ట మీద మందు పేరు, ఎక్కించిన తేదీ, మా ఫోన్ నంబరు స్కెచ్ పెన్నుతో లావుగా రాసిస్తాను.