నాగార్జునుడూ, ఎంసెట్ ర్యాంకూ

మాచర్ల మీదుగా విజయపురి సౌత్ లాంచీ రేవుకు చేరేసరికి మా ఇంటర్ పిల్లలకు తత్త్వశాస్త్రం మీద కన్నా పులిహోర పొట్లాల మీదే ధ్యాస. ప్రాచీన దర్శనాలను నోట్సులో రాయిస్తే పరీక్షలో దించేసి మర్చిపోతారు. వాదించనిదే అవి ఒంటబట్టవని నా నమ్మకం. అందుకే నాగార్జునకొండ. మీరూ వెళ్తే శుక్రవారం పెట్టుకోకండి, మ్యూజియానికి సెలవు.

లాంచీ కదిలాక చెప్పాను: ఈ నీళ్ల అడుగున ఉన్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955లో నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోగా వీలైనంత బయటికి తీయాలని ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండపైకీ, ఒడ్డునున్న అనుపుకూ తరలించి తిరిగి కట్టారు.

"అయితే ఇది మొదట్నుంచీ దీవి కాదా సార్?" అన్నాడొకడు.

"కొండేరా. నీళ్లొచ్చాక దీవైంది."

"నీళ్లు తీసేస్తే మళ్లీ కొండేగా!" అంది పక్కనున్న అమ్మాయి.

నేను మొదలుపెట్టాల్సిన పాఠం వాళ్లే మొదలుపెట్టేశారు. బౌద్ధ తాత్త్వికుడు ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలోని 27 ప్రకరణాల్లో తిప్పి తిప్పి చెప్పేది ఇదే. ఏ వస్తువూ తనంతట తానుగా నిలబడదు, మరోదాన్ని ఆనుకునే ఉంటుంది. అలా సొంత స్వభావం లేకపోవడమే శూన్యత. ఆయన ఈ లోయలో ఉన్నాడని చెప్పే శాసనమేదీ తవ్వకాల్లో దొరకలేదు, ఆ సంగతీ దాచలేదు. మహిమల కథలు చెప్పమని అడిగారు కానీ, వాటి జోలికి పోలేదు.

"మరి నా ఎంసెట్ ర్యాంకు?" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, అసలు ప్రశ్న అదే. పదివేల ర్యాంకుకు సొంత ఉనికి ఏముంది? ముందు 9,999 మంది ఉండబట్టే అది పదివేలు. ఆ ఏడు పేపరు కాస్త కష్టంగా వచ్చినా, రాసేవాళ్లు తగ్గినా మారిపోతుంది. దాన్ని పట్టుకుని 'నేనింతే' అనుకోవడం దేనికి?

"శూన్యమంటే లేనట్టేగా! మరి సీటెలా ఇస్తారు?"

ఈ ఆక్షేపణ కారికలోనే ఉంది, 24వ ప్రకరణంలో. అంతా శూన్యమైతే బుద్ధుడు చెప్పిన నాలుగు సత్యాలూ పోయినట్టేనని ప్రతివాది నిలదీస్తాడు. నాగార్జునుడు దాన్ని తిరగేస్తాడు: శూన్యం కాబట్టే ఏదైనా జరుగుతుంది. దేన్నీ ఆనుకోనిది మారదు, దేన్నీ మార్చదు.

కొండ మీద మ్యూజియంలో లేత రంగు సున్నపురాయి పలకలు చూశాం. వాటిని మించి పిల్లలకు నచ్చింది ఇక్ష్వాకుల ఇంటి కథ. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. మేనల్లుడు వీరపురుషదత్తుడికి తన కూతుర్నీ ఇచ్చింది. "మేనత్త కూతురే, మనలాగే!" అని కేరింతలు. ఒకే ఇంట్లో అన్న దారి అన్నదీ, చెల్లెలి దారి చెల్లెలిదీ. మన ఇళ్లలో ఇప్పుడంత ఓపిక తక్కువ.

సాయంత్రం అనుపులో, చుట్టూ మెట్లున్న రంగస్థలంలో రెండు జట్లు చేశాను: శూన్యతను ఆక్షేపించే పూర్వపక్షం, సమర్థించే సిద్ధాంతం. నడుమ నిలబడి మామూలుగా మాట్లాడినా పై మెట్టుకు వినబడుతుంది. పూర్వపక్షం వాళ్లకు నాగార్జునుడిదే మరో గ్రంథం విగ్రహవ్యావర్తనిలోని చిక్కు ఇచ్చాను: అంతా శూన్యమైతే, ఆ మాటా శూన్యమే కదా, అది దేన్ని ఖండిస్తుంది?

లాంచీలో మాట్లాడిన అమ్మాయి కాసేపు ఆలోచించి, "ర్యాంకు శూన్యమైనా సీటు తెస్తోంది కదా! ఆయన మాటా అంతే, శూన్యమైనా పనిచేస్తుంది" అంది. బండీ, కుండా శూన్యమైనా వాటి పని అవి చేయడం లేదా అన్నదే నాగార్జునుడి జవాబు కూడా. అది నేను వాళ్లకు చెప్పలేదు.

సిద్ధాంతం జట్టు చప్పట్లు కొట్టింది. ర్యాంకు కుర్రాడు ఒప్పుకోలేదు. "పనిచేస్తే నిజమైపోతుందా? అబద్ధం కూడా పనిచేస్తుందిగా!"

బస్సు హారన్ కొడుతున్నా ఎవరూ లేవలేదు.