ఒక చిన్న రబ్బరు వలయం

గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో ఒక పాత ఇల్లు. ఇంటి వెనుక నాపరాళ్లు పరచిన పెరడు. తొలకరి జల్లులు మొదలైన పది పదిహేను రోజులకే ఆ రాళ్లమీద పచ్చని పాచి పేరుకొంటుంది. రెండేళ్ల కిందట శ్రావణమాసంలో ఆ ఇంటి ఇల్లాలు ఆ పాచిమీదనే కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. చేతికర్ర సాయంతో మళ్లీ నాలుగడుగులు వేయడానికి ఆమెకు ఐదు నెలలు పట్టింది.

ఆమె భర్త భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఆ ప్రమాదం తరువాత ఆయన ఒక ప్రెషర్ వాషర్ కొన్నారు. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు. ఈ యంత్రం సన్నని ముక్కులోనుంచి నీటిని 100 బార్లకు పైబడిన ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ ధాటికి పాచి ఆనవాలు లేకుండా కొట్టుకుపోయేది.

ఈ వేసవి చివర యంత్రం మొరాయించింది. ధార ఒక క్షణం ఉరికి, మరుక్షణం సోలిపోసాగింది. మీట వదిలిపెట్టినా మోటారు ఉండి ఉండి దానంతట అదే గుర్రుమనేది. అడుగున నీటి చుక్కలు. మరమ్మతు చేసేచోట చూపిస్తే, పంపు మొత్తం మార్చాలనీ, అంతకంటె కొత్తది కొనుక్కోవడమే మేలనీ చెప్పారు. ఆయన మారు మాట్లాడక యంత్రాన్ని ఇంటికి తెచ్చుకొన్నారు. ముప్పై ఏళ్లపాటు పాస్కల్ సూత్రాన్ని నల్లబల్లమీద వ్రాసిన మనిషికి, ఒత్తిడి ఎక్కడ జారిపోతున్నదో తెలుసుకోకుండా యంత్రాన్ని పారవేయడానికి మనసొప్పలేదు.

ముందుగా ప్లగ్గు తీసివేశారు. కుళాయి కట్టి, మీట నొక్కి, గొట్టంలో మిగిలిన ఒత్తిడిని వదిలించారు. ఆ ధారతో చెలగాటం కూడదు. అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు; పైకి సూదిపోటులా కనిపించిన గాయానికైనా వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిందే. తరువాత నీరు లోపలికి వచ్చే చోటనున్న జల్లెడను చూశారు. దాని నిండా బోరునీటి ఇసుక. కడిగి పెట్టినా జబ్బు కుదరలేదు. ఇక పంపు విప్పక తప్పలేదు.

విప్పిన ప్రతి స్క్రూనూ, ప్రతి స్ప్రింగునూ వరుస తప్పకుండా ఇడ్లీ పళ్లెం గుంటల్లో పేర్చారు.

“ఆ పళ్లెం మళ్లీ నా వంటింట్లోకి రావడానికి వీల్లేదండీ!” అన్నది ఆమె గుమ్మంలోనుంచి.

లోపల మూడు పిస్టన్లు. వాటిని చుట్టి ఉండే రబ్బరు సీళ్ల అంచులను ఇసుక ఒరిపిడి తినివేసింది. గుండ్రంగా ఉండవలసిన ఓ-రింగు బల్లపరుపుగా అణగిపోయింది. డెన్మార్కునుంచి అమెరికాకు వలసవెళ్లిన నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1939లో పేటెంటు పొందిన వస్తువు అది. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఏడుగురితో సహా నాశనం కావడానికి మూలం, చలికి బిగుసుకుపోయిన అటువంటి రబ్బరు వలయమే. ఆ కథను ఆయన ఏటా తరగతిలో చెప్పేవారు. ఆ వస్తువును వేళ్లమధ్య పట్టుకొని చూడడం మాత్రం అదే మొదలు.

పాతవాటిని కాగితంలో పొట్లం కట్టుకొని బజారులో సీళ్లు అమ్మే దుకాణానికి వెళ్లారు. అక్కడి కుర్రవాడు లోపలి వ్యాసం, మందం కొలిచి సరిపోయేవి ఏరి ఇచ్చాడు. “ఏ నూనె పడితే అది రాయకండి మాస్టారూ, కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. సిలికాన్ గ్రీజు రాయండి” అని హెచ్చరించాడు.

సాయంత్రానికి బిగించారు. నీరు మళ్లీ కారింది. ఆ రాత్రి ఆయనకు సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లవారి విప్పి చూస్తే ఒక సీలు తలకిందులుగా కూర్చుని ఉన్నది. దాని గాడి నీటికి ఎదురుగా ఉండాలి. అప్పుడు నీటి ఒత్తిడే ఆ గాడిలో చేరి, అంచులను విప్పార్చి ఇరుపక్కలకు అదుముతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ బిగువు పెరుగుతుంది. అది పాస్కల్ సూత్రమే. ముప్పై ఏళ్లు నోరు చెప్పిన పాఠం చేతికి ఆనాడు వచ్చింది. ఆయన తనలో తాను నవ్వుకొన్నారు.

ఈసారి ధార తొణకలేదు. మీట వదలగానే మోటారు బుద్ధిగా ఊరకున్నది. మధ్యాహ్నానికి నాపరాళ్లు నల్లగా నిగనిగలాడాయి.

మరునాడు తొలకరి కురిసింది. వాన వెలిసిన తరువాత ఆమె చేతికర్ర పుచ్చుకొని తులసికోటవైపు బయలుదేరింది. ఆయన గబగబా వచ్చి చేయి చాచారు. ఆమె తడి రాతిమీద ఒక పాదం మోపి, కాసేపు నిలిచి చూసింది. ఆ చేయి అందుకోకుండానే రెండో అడుగు వేసింది.