బాతుతోక కారు గురించి మూర్తికి

స్టుట్‌గార్ట్

ప్రియమైన మూర్తీ,

పాత పోర్షే 911 గురించి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని అడిగావు. నీ దగ్గరున్నది ఫొటోల పుస్తకమంటున్నావు కదా, దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. మెరిసే రంగులు ఎంత చూసినా ఆ కారు అలా ఎందుకు ఉందో ఒక్క ముక్క తెలియదు. పాల్ ఫ్రేర్ రాసిన 'పోర్షే 911 స్టోరీ' చదువు. మొదటి ముద్రణ 1976లో వచ్చింది. ఆయన ఇంజనీరు, పత్రికల్లో కార్ల గురించి రాసినవాడు, పైగా 1960లో ఫెరారీ నడిపి లే మాన్ 24 గంటల పందెం గెలిచినవాడు. మలుపులో వెనక చక్రాలు జారితే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నువ్వు విశాఖ వెళ్లిపోయాక కూడా మనవాళ్లు ప్రతి నెలా అదే బల్ల దగ్గర చేరుతున్నారు. ఈసారి సాయంత్రమంతా 911 కరెరా ఆర్‌ఎస్ 2.7 మీదే గడిచింది. నువ్వుంటే ఎంత బావుండేదిరా!

ఆ కారు ఎలా పుట్టిందో నీకు కొంత తెలుసు. 1971 తర్వాత మారిన నిబంధనలతో పోర్షే వాళ్ల అయిదు లీటర్ల పందెం కార్లు 917లు స్పోర్ట్స్ కార్ల ప్రపంచ పోటీల్లోంచి తప్పుకోవాల్సి వచ్చింది. కంపెనీ పగ్గాలు అందుకున్న ఎర్న్‌స్ట్ ఫూర్‌మన్ కన్ను మామూలు 911 మీద పడింది. దాన్ని గ్రూప్ 4 తరగతి పందేల్లో దింపాలంటే కనీసం 500 కార్లు తయారుచేసి చూపించాలి. అన్ని ఎవరు కొంటారని అమ్మకాల విభాగం గుండెలు పట్టుకుంది. 1972 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో పెడితే కొద్ది వారాల్లోనే 500కూ ఆర్డర్లు వచ్చేశాయి. చివరికి 1,580 తయారయ్యాయి.

911కి ఇంజను వెనక ఇరుసుకు కూడా అవతల వేలాడుతుంది. ఆ ఏటవాలు వీపు మీదుగా గాలి జారిపోతూ, వేగం పెరిగేకొద్దీ కారు వెనక భాగాన్ని పైకి లాగుతుంది. టైర్ల పట్టు సడలుతుంది. దానికి విరుగుడుగా ఇంజను మూత మీద పైకి తిరిగిన అంచు పెట్టారు, మనం బాతుతోక అనుకునేది. నువ్వు దాన్ని అలంకారం అనేవాడివి. దాని పని తెలిశాక ఆ కారులో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే.

ఇంజను సంగతి ఇంకా బావుంటుంది. సిలిండరు గోడలకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పూత వేయడంతో గోడ మందం తగ్గించే వీలు దొరికింది. బోరు 84 మిల్లీమీటర్ల నుంచి 90కి పెరిగింది. 2,687 సీసీ, 210 హార్స్‌పవర్. తేలిక రకం బరువు 960 కిలోల దగ్గర ఆగింది. పలచటి అద్దాలు, పలచటి రేకు, వెనక సీట్లు లేవు, గడియారం లేదు, తలుపు తీయడానికి ఒక పట్టీ. ముందు మూత మీద కంపెనీ ముద్రకు బదులు స్టిక్కరు అంటించారు. అంత పట్టుదలగా బరువు తగ్గించిన మనుషులంటే నాకు గౌరవం.

మామూలు 911కి బాతుతోక బిగించి, బోరు పెంచి, ఆర్‌ఎస్ అని అమ్మేవాళ్లున్నారు. పక్కపక్కన నిలబెడితే కంటితో పట్టుకోవడం కష్టం. చాసిస్ నంబరు మాత్రం చెబుతుంది. ఆర్‌ఎస్‌లవి 911360తో మొదలవుతాయి, అదే ఏడాది 911 ఎస్ అయితే 911330. ఇక్కడే గ్రూబర్, కోన్‌రాడ్స్‌హైమ్ రాసిన 'కరెరా ఆర్‌ఎస్' విలువ తెలుస్తుంది. 1992లో వచ్చింది. ఒక్కొక్క కారు నంబరూ, పుట్టినప్పటి రంగూ అందులో ఉంటాయి. పాత ప్రతి కోసం జనం వేల యూరోలు పెట్టారు. బల్ల దగ్గర ఒకాయన దాన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి తెచ్చాడు. పేజీల నిండా పట్టికలే. అయినా ఏ ఫొటోల పుస్తకంలోనూ నాకు అంత ప్రేమ కనబడలేదు. ఊరి పురోహితుడు వంశావళి రాసినట్టు, ఏ కారునీ వదిలిపెట్టకుండా రాశారు.

అక్కడే వాదన రేగింది. ఒక కారు నంబరు నిజమైనదే, ఇంజను మాత్రం తర్వాత మార్చింది. ఆ కారు అసలుదా కాదా? విలువ సగం పోయినట్టేనని ఒకాయన. జీవితమంతా వర్క్‌షాపులో గడిపిన ముసలాయన ఒప్పుకోలేదు. పందేల కోసం పుట్టిన కారుకు ఇంజను పగలకుండా ఉంటుందా, మార్చడం దాని జీవితంలో భాగమే అన్నాడు. ఆర్‌ఎస్ నుంచి వచ్చిన పందెం కారు ఆర్‌ఎస్‌ఆర్ 1973లోనే డేటోనా 24 గంటలూ, సిసిలీలో టార్గా ఫ్లోరియో గెలిచింది మరి. నేను ముసలాయన పక్షమే. గ్యారేజీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న కారుకన్నా, ఇంజను పోగొట్టుకుని మళ్లీ రోడ్డెక్కిన కారే నాకు ఎక్కువ ఆర్‌ఎస్ అనిపిస్తుంది.

ఫ్రేర్ పుస్తకం మా బావమరిది సంక్రాంతికి అక్కడికి వచ్చేటప్పుడు అతనితో పంపిస్తున్నా. అంతలోపు ఇంజను తగాదాలో నువ్వెవరి పక్షమో రాయి. వచ్చే నెల బల్ల దగ్గర చదివి వినిపిస్తాను.

నీ
రాఘవ